టూర్ లో టీ, టిఫిన్ ఖర్చులకి ఏది మేలు: యూపీఐ నా, క్రెడిట్ కార్డా, క్యాషా?

ఆఫీసు పని మీద ఊళ్ళు తిరిగేవాళ్ళకి పెద్ద ఖర్చులతో ఇబ్బంది లేదు, లాడ్జి, రైలు టికెట్ బిల్లులు ఎలాగూ ఉంటాయి. చిక్కంతా టీ, టిఫిన్, జిరాక్స్, పార్కింగ్ లాంటి వాటితోనే, ఇవే కలిపితే వేలల్లోకి పోతాయి, క్లెయిమ్ రాసేటప్పుడు సగం గుర్తుండవు.

అందరూ చేసేది సేవింగ్స్ అకౌంట్ నుంచి యూపీఐ. ఎక్కడైనా నడుస్తుంది, చార్జీ లేదు. కానీ జీతం పడే అకౌంట్ లోంచి కంపెనీ ఖర్చు పెడుతున్నాం కదా, క్లెయిమ్ డబ్బులు వచ్చేలోపు ఈఎంఐ కట్ అయ్యే రోజు వచ్చేస్తుంది. పైగా స్టేట్‌మెంట్ లో ఇంటి పాలు, కూరగాయలు, టూర్ టీలు అన్నీ కలిసిపోయి వాటిని ఏరడానికే ఆదివారం పోతుంది.

పోనీ కార్డు ట్యాప్ చేద్దామా? 2021 జనవరి నుంచి 5000 దాకా పిన్ కూడా అక్కర్లేదు, కానీ సూర్యాపేట హైవే పక్కన టీ కొట్లో మెషిన్ ఎక్కడుంటుంది? ఉన్నచోట కూడా చిన్న మొత్తానికి మొహం మాడుస్తారు, చార్జీ వాళ్ళకి పడుతుంది మరి, వాళ్ళని అనలేం.

అందుకే నా ఓటు రూపే (వీసా, మాస్టర్ కార్డు లాంటి మన దేశపు కార్డు) క్రెడిట్ కార్డుని యూపీఐ యాప్ కి లింక్ చేసుకోవడానికే. 2022 లో వచ్చింది ఈ సదుపాయం. స్కాన్ చేసేది అదే క్యూఆర్, డబ్బు మాత్రం కార్డు లిమిట్ లోంచి పోతుంది, చిన్న వ్యాపారులకి 2000 దాకా చార్జీ లేదు కాబట్టి పేచీ ఉండదు. ఆ కార్డుని టూర్ కి తప్ప ఇంక దేనికీ వాడకండి, నెల తిరిగేసరికి స్టేట్‌మెంటే మీ క్లెయిమ్ లిస్ట్ అయిపోతుంది. కాకపోతే అందులో చాలాసార్లు టిఫిన్ సెంటర్ పేరు కాకుండా ఓనరు పేరు పడుతుంది, ఈయనెవరు అని అకౌంట్స్ వాళ్ళు అడుగుతారు, బిల్లు ఇస్తే అక్కడే ఫోటో తీసి పెట్టుకోండి.

గోడకి అంటించింది కొట్టాయన సొంత అకౌంట్ క్యూఆర్ అయితే మాత్రం క్రెడిట్ కార్డు పనిచెయ్యదు, వ్యాపారి క్యూఆర్ అయితేనే వెళ్తుంది. ఆటోల్లో ఎక్కువగా ఇదే సమస్య, అందుకని జేబులో పదులు, ఇరవైలు, యాభైలు ఉండాల్సిందే. ఆ క్యాష్ క్రెడిట్ కార్డు మీద ఏటీఎం లో మాత్రం తియ్యొద్దు, ఫీజు వేరే, వడ్డీ ఆ రోజు నుంచే మొదలు.

ఇంకోటి, కంపెనీ డబ్బులు ఆలస్యం చేసినా డ్యూ డేట్ కి పూర్తిగా కట్టగలిగితేనే ఈ పద్ధతి. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమన్న కొంచెమే, కట్టి వదిలేస్తే చాలా కార్డులకి నెలకి 3.5 శాతం చుట్టూ వడ్డీ పడుతుంది, కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు. అంత ఆలస్యం చేసే కంపెనీ అయితే కార్డు జోలికి పోకుండా ముందే అడ్వాన్స్ అడగండి.

రోజుకింత అని బిల్లుల్లేకుండా డీఏ (రోజువారీ భత్యం) ఇచ్చేసే కంపెనీ అయితే ఇదంతా అక్కర్లేదు, ఆ డబ్బు యూపీఐ యాప్ లోనే ఉండే చిన్న వాలెట్, యూపీఐ లైట్ లో వేసుకోండి, ఒక్కసారికి 1000 దాకా పిన్ లేకుండా పోతుంది, అందులో ఒకేసారి 5000 కి మించి ఉండదు కాబట్టి ఖర్చు కూడా చేతిలో ఉంటుంది.