మొగ దగ్గర వేట: కళింగపట్నం నుంచి చింతపల్లి దాకా

శ్రీకాకుళం తీరంలో గేలం వేయాలనుకునే వారు నన్ను ముందుగా అడిగేది ఏ ఊరు మంచిదని. ఊరి సంగతి తర్వాత, ముందు మనిషిని వెతుక్కోండి అంటాను. పర్యాటకులను గేలం వేటకు తీసుకెళ్లే కంపెనీలు, ధరల పట్టికలు ఈ తీరంలో నాకు కనిపించలేదు. ఇక్కడ దొరికేది ఫైబర్ తెప్ప ఉన్న మత్స్యకారుడు, అతనికి తెలిసిన నీరు. ఆ మనిషి సరిగ్గా కుదిరితే చేప పడని రోజు కూడా బాగుంటుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన రీలు పట్టుకెళ్లినా తీరం వెంట షికారే అవుతుంది.

నాకు కుదిరిన మనిషిది కళింగపట్నం పక్క పల్లె. యాభై దాటాయి. మామా అని పిలుస్తాను, బాబూ అని పలుకుతాడు. వయసులో ఉన్నప్పుడు ఈ జిల్లా మత్స్యకారులు చాలామందిలాగే గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి పెద్ద బోట్లలో పనిచేశాడు. అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలైన సంగతి అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. ఆ తర్వాత ఇంట్లోవాళ్లు తనను మళ్లీ పంపలేదని చెబుతాడు. ఇప్పుడు తెప్ప మీద దగ్గరి నీళ్లలోనే వేట, సెలవు రోజుల్లో నాలాంటి వాళ్లకు దారి చూపడం.

బేరం ఎలా ఉంటుందో చెప్పాలి, తగాదాలన్నీ అక్కడే వస్తాయి కనుక. పెట్రోలు ఖర్చు వేరు, మామ కూలి వేరు, తెప్ప తోయడానికీ లంగరు వేయడానికీ వచ్చే కుర్రాడి కూలి వేరు. మూడూ కలిపి ఒకే మాటగా అడిగితే ఏదో అంకె చెప్పేస్తారు, ఒడ్డుకు వచ్చాక ఇరుపక్షాలకూ అసంతృప్తే మిగులుతుంది. విడివిడిగా మాట్లాడుకుంటే న్యాయంగానే ఉంటుంది. ఇంకోటి, పడిన చేప ఎవరిదో తెప్ప ఎక్కకముందే తేలాలి. మా ఒప్పందంలో కూరకు సరిపడా నాకు, మిగతాది తెప్పకు. ఒక ఫిబ్రవరి ఉదయం పెద్ద పండుగప్ప పడినప్పుడు ఈ ఒప్పందానికి పరీక్ష వచ్చింది. పండుగప్ప మగదిగా మొదలై, కొన్నేళ్లు పెరిగాక ఆడదిగా మారుతుంది. అంటే అంత పెద్ద చేప దాదాపుగా గుడ్లు పెట్టే తల్లే. విడిచిపెడదామన్నాను. మామ కాసేపు నా ముఖం చూసి, "విడిచిపెట్టు బాబూ, ధర నువ్విస్తే నాకేమీ అభ్యంతరం లేదు" అన్నాడు. ఇచ్చాను. ఆ డబ్బు దానధర్మం కాదు, అతని రోజు సంపాదన. పట్టి విడవడం గురించి ఉపన్యాసాలు ఇచ్చే పట్నం వేటగాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

కళింగపట్నంలో అసలు చోటు మొగ. వంశధార సముద్రంలో కలిసే ఆ చోట ఇసుక మేటలు ఏటా రూపు మార్చుకుంటాయి. వరదలు తగ్గాక చూస్తే నిరుటి లోతు పూడిపోయి ఉంటుంది, నిరుడు మోకాలి లోతున్న చోట తెప్ప పోయేంత కాలువ తెగి ఉంటుంది. ఫోనులోని మ్యాపు చూపి ఇక్కడికే పోదామంటే మామ నవ్వుతాడు. తిథి చూసి బయలుదేరతాడు. అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజుల్లో నీటి ఎత్తులో తేడా సుమారు ఒకటిన్నర మీటరు వస్తుంది. అష్టమికి సగం కూడా ఉండదు, నీరు మందకొడిగా కదులుతుంది. పోటు, పాటు రోజుకు రెండేసిసార్లు వస్తాయి, ప్రతిరోజూ దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతాయి. అందుకే గత ఆదివారం ఆరింటికి చేప పడిందని ఈ ఆదివారమూ ఆరింటికే వెళ్తే లాభం లేదు. మామ సూత్రం ఒక్కటే: పాటు మొదలై నదిలోని చిన్న చేపలు, రొయ్యలు నీటితో పాటు బయటికి జారేటప్పుడు పెద్ద చేప మేట అంచున కాపు వేసి ఉంటుంది. నీరు నిలిచిన ఆ అరగంటలో నేను తొందరపడితే, "నీరు కదలలేదు బాబూ, ఎరను ఎందుకు తడుపుతావు?" అని బీడీ వెలిగిస్తాడు.

ఎర విషయంలో మాకు రాజీ కుదరలేదు. నాకు ప్లాస్టిక్ చేపలు, మెరిసే రేకులు ఇష్టం. ఆయన విసురు వలతో అక్కడికక్కడే పట్టిన బతికున్న రొయ్యను తప్ప దేన్నీ నమ్మడు. చేతి గేలానికి తంగూసు, చివర సీసపు గుండు, అంతే ఆయన సరంజామా. చేప లాగిందో లేదో వేలికి తెలుస్తుందంటాడు. నీరు తేటగా ఉన్నప్పుడు నా రేకులు పనిచేస్తాయి, కలకలో ఆయన రొయ్యదే గెలుపు. పండుగప్పకు మాత్రం గేలం దగ్గర దళసరి తంగూసు కట్టాల్సిందే. దాని మొప్ప అంచు బ్లేడులా ఉంటుంది, గాలిలోకి ఎగిరి తల విదిల్చిందంటే సన్న దారం తెగిపోతుంది.

కాలాల్లో జనవరి నుంచి మార్చి వరకు నా ఓటు. సముద్రం సద్దుమణిగి ఉంటుంది, నీరు ఆకుపచ్చగా తేటపడుతుంది. పారలు, మాగలు, పండుగప్పలు మొగ దగ్గర తిరుగుతాయి. కష్టమల్లా తెల్లవారుజామున మంచుతోనే, తెప్ప ముక్కు కూడా కనిపించని రోజులుంటాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే రోజులూ ఇవే. రాత్రి ఒడ్డు నుంచి గేలం వేసేవారు టార్చీలు ఆర్పాలి, ఇసుకలో తాబేలు జాడ కనిపిస్తే పక్కకు తప్పుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో అవి మొదటి షెడ్యూలు జీవులు, ముట్టుకుంటే కేసే. ఆ నెలల్లో మామ మేట మీద పొయ్యి కూడా వెలిగించడు, టీ కావాలంటే ఫ్లాస్కులో తెచ్చుకోవాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా యాంత్రిక, మోటారు పడవల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. పల్లెల్లో తెప్పలన్నీ ఒడ్డెక్కుతాయి, కొబ్బరి నీడన వలలు బాగుచేస్తూ కూర్చుంటారు. ఆ రోజుల్లో రెట్టింపు కూలి ఇస్తాం, ఒక్కసారి ఇంజను వేయమని అడిగే పర్యాటకులు వస్తుంటారు. ఒప్పుకునే మనిషి దొరికితే అతనితో మరెప్పుడూ వెళ్లకండి, నిషేధాన్ని లెక్కచేయనివాడు తుపాను హెచ్చరికనూ లెక్కచేయడు. ఒడ్డు నుంచి గేలం వేసుకోవచ్చు, కానీ ఉదయం ఎనిమిది దాటితే ఇసుక కాళ్లు కాలుస్తుంది, మధ్యాహ్నం నైరుతి గాలికి విసిరిన దారం వెనక్కి వస్తుంది. నేనైతే ఆ రెండు నెలలూ వేటకు వెళ్లను. మామ ఇంటికి వెళ్లి తాటి ముంజలు తిని వస్తాను.

వానాకాలంలో వంశధార ఎర్రగా పొంగుతుంది. ఎగువ ఒడిశాలో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా నది లేస్తుంది. అందుకే బయలుదేరే ముందు హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ నుంచి నీళ్లు ఎంత వదిలారో కనుక్కోవాలి. నది నిండుగా దిగుతూ ఎదురుగా అలలు విరుగుతుంటే మొగ దాటడం ప్రాణాంతకం. వరద తీసిన కొన్ని రోజులకు ఎర్ర నీరు, పచ్చ నీరు కలిసే గీత సముద్రంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీత వెంట వేస్తే జెల్లలు విసుగొచ్చేంతగా పడతాయి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే మంట గంటలకొద్దీ వదలదు. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ముంచితే విషం పట్టు సడలుతుంది. మేట మీద నడిచేటప్పుడు అడుగు ఎత్తి వేయకుండా కాళ్లు ఈడుస్తూ నడవాలి, అలికిడికి ఇసుకలో దాగిన, తోకలో విషపు ముల్లుండే టేకు చేప తప్పుకుంటుంది.

అక్టోబరు, నవంబరు నెలలను ఈ తీరం నమ్మదు. ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014లో అదే తేదీ, తిత్లీ 2018 అక్టోబరు 11. కళింగపట్నం ఓడరేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వస్తే హోటలు బుకింగు డబ్బులు పోయినా సరే ప్రయాణం మానుకోవాలి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల హెచ్చరికలు ఇప్పుడు మామ ఫోనుకే వస్తున్నాయి, అయినా ఆయన చూసేది తూర్పు దిక్కునే. తుపానులు లేని వారాల్లో మాత్రం కవ్వళ్ల గుంపులు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి, వాటి వెనుక పెద్ద చేపలు. ఆ నెలల్లో తీరం వెంట నీటి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరుగుతుంది. లంగరు వేసిన తెప్ప ఏ వైపు మూతి తిప్పిందో చూసి కాలం చెప్పొచ్చు.

భావనపాడు వేరే రకం. ఇక్కడ అలలతో పనిలేదు, టెక్కలి క్రీకు, ఉప్పుమడులు, బురద. సముద్రం కోపంగా ఉన్న రోజు కూడా క్రీకులో గేలం వేయొచ్చు, పిల్లలను తీసుకెళ్లొచ్చు. చేపలు చిన్నవే, పీతలు ఎక్కువ. ఆశ్రయం, తాగునీరు, మరుగుదొడ్డి విషయంలో సున్నా. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టు ఈ పక్కనే. వేట నాటికి ఏ దారి తెరిచి ఉందో, ఎక్కడ దిగనిస్తున్నారో స్థానికులను అడిగే వెళ్లండి. నౌపడ దగ్గరి తేలినీలాపురంలో శీతాకాలమంతా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. గేలం పడని వాళ్లను అక్కడ దింపి మనం క్రీకుకు పోతే ఇంట్లో గొడవ ఉండదు.

బస గురించి. కళింగపట్నం శ్రీకాకుళం నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే కనుక పట్నంలోనే దిగడం మేలు. రైలులో వచ్చేవారికి శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఆమదాలవలసలో ఉంటుందని గుర్తుండాలి. తెల్లవారుజామున ఆటో దొరకదు, రాత్రే మాట్లాడుకోవాలి. పట్నంలో నేను దిగిన ఒక లాడ్జిలో చేపల పెట్టె గదిలోకి తేనివ్వనని పట్టుబట్టారు. సరే అన్నాను, కారిడారులోనూ పెట్టనివ్వలేదు. ఐసు కొట్టు పక్కనే ఉన్న మరో చోటికి మారాను, గదులు పాతవే కానీ గేలపు కర్రలు ఆనించుకునే వరండా ఉంది. తిండికి మాత్రం పట్నం హోటళ్ల కంటే మామ ఇంటి నెత్తళ్ల వేపుడు, మాగ పులుసే. ఆ వంటకు మామ ఇంటావిడ డబ్బు తీసుకోదు, కాబట్టి వెళ్లేటప్పుడు బియ్యం, నూనె పట్టుకెళ్తాను.

బారువ శ్రీకాకుళం నుంచి సుమారు వంద కిలోమీటర్లు, సోంపేట స్టేషనుకు దగ్గర. మహేంద్రతనయ కలిసే చోటు, లైట్‌హౌసు, కొబ్బరి తోటలు, నాలుగు చోట్లలోనూ కుటుంబంతో ఉండడానికి ఇదే హాయి. మొగ చిన్నది, వాన తగ్గాక ఇసుక అడ్డుకట్టి మూసుకుపోయే రోజులుంటాయి, అప్పుడు వేట చప్పన. తీరానికి దగ్గర్లో మునిగిన పాత ఓడ శిథిలం ఉంది, చేప దాని చుట్టూ చేరుతుంది. తెప్పవాళ్లు గురుతులు ఒడ్డున చెట్లతో, గోపురంతో సరిచూసి సరిగ్గా దాని మీదికి తెస్తారు. అక్కడ దారం కిందికి వదిలితే రెండింటిలో ఒకటి: చేపో, తుప్పు ఇనుమో.

విజయనగరం వైపు చింతపల్లి. పూసపాటిరేగ మీదుగా మంచి రోడ్డు, లైట్‌హౌసు, ఆదివారం జనం. ఒడ్డు నుంచి వేస్తే చిన్న పారలు తప్ప ఏమీ పడవు. అసలు వేట సముద్రంలోని రాళ్ల దగ్గర, వాటిని తప్పించుకోవడానికే ఒకప్పుడు ఓడలకు ఇక్కడ దీపం పెట్టారు. కోనాడ దగ్గర చంపావతి మొగ కొంత నయం, కానీ వంశధార మొగను చూసిన కంటికి ఆనదు. రాళ్ల దగ్గరికి నన్ను తీసుకెళ్లిన కుర్రాడు చురుకైనవాడే. తెప్పలో లైఫ్ జాకెట్లు లేవంటే నవ్వేశాడు, పొంగులో లంగరు వదులైతే ఏం చేస్తావంటే జవాబు లేదు. చేప బాగా పడింది. మామ తన తెప్పలో పెట్రోలు డబ్బా పక్కన నాలుగు జాకెట్లు కట్టి ఉంచుతాడు, పాతవే. చింతపల్లికి మళ్లీ వెళ్లేది అలాంటి మనిషి అక్కడ దొరికాకే.