బగాన్ యూన్ పెట్టె: ఆరేళ్లు వాడాక

2019 జనవరిలో బర్మా వెళ్లినప్పుడు బగాన్ దగ్గర మ్యిన్‌కబా అనే ఊళ్లో రెండు వస్తువులు కొన్నాను. ఒకటి మూత ఉన్న గుండ్రటి పెట్టె, ఇంకోటి గుర్రపు వెంట్రుకలతో అల్లిన చిన్న గిన్నె. రెండూ కలిపి 70 వేల చాట్లు, అంటే అప్పటి లెక్కన మూడు వేల పైచిలుకు రూపాయలు. బేరం అలవాటే గానీ అప్పటికే అక్కడి పనివాళ్ల నేలమాళిగ, వాళ్ల కష్టం చూసొచ్చాను, ఇక నోరు పెగల్లేదు.

లక్కలాంటి పూత వేసి చేసే ఈ సరుకుని అక్కడ యూన్ అంటారు. మన ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగుల నుంచి వస్తుంది. వీటికి పూసేది మాత్రం థిత్సి చెట్టు నుంచి తీసిన నల్లటి పాలు. వెదురు పేళ్లతో ఆకారం అల్లి, పాలు పూసి, నేలమాళిగలో పెడతారు. ఎండలో కాదు, చెమ్మలో గట్టిపడుతుందిది! కొన్ని రోజులాగి అరగదీసి మళ్లీ పూత. మంచి సరుకుకి పది పన్నెండు పూతలు పడతాయి, నెలలకు నెలలు పడుతుంది. ఆ తర్వాత ఇనప మొనతో చెక్కుడు. ఒక రంగు గీతలన్నీ చెక్కి, రంగు నింపి, తుడిచాకే రెండో రంగు గీతలు మొదలు. నేను చూసిన అమ్మాయి ముందు నమూనా కాగితం కూడా లేదు, మనవాళ్లు వాకిట్లో ముగ్గేసినట్టు గీసుకుంటూ పోతోంది.

ఇక వాడకం సంగతి. గిన్నెకి వంక పెట్టలేను. అంచుల్ని రెండు వేళ్లతో నొక్కితే ఎదురెదురు అంచులు తాకుతాయి, వదలగానే మళ్లీ గుండ్రం. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ నొక్కి చూసేవాళ్లే, అయినా ఒక్క పెచ్చు లేవలేదు.

పెట్టెకి మొదట్లో ఘాటు వాసన ఉండేది. తెలియక వక్కపొడి పోసి మొత్తం పారబోశాను. వాసన పోవడానికి మూడు నెలలు పట్టింది. విశాఖలో ఉన్నన్నాళ్లూ బాగానే ఉంది. హైదరాబాద్ మారాక మే నెలలో కిటికీ పక్కన మర్చిపోయాను, అడుగున సన్నటి పగులు వచ్చింది. ఎండ తగలనివ్వద్దని వాళ్లు చెప్పే ఇచ్చారు, తప్పు నాదే. తిండి మాత్రం ఇందులో పెట్టను. పాత పద్ధతిలో ఎరుపుకి ఇంగిలీకం, పసుపుకి హరిదళం వాడేవాళ్లు. ఒకదాంట్లో పాదరసం, రెండోదాంట్లో ఆర్సెనిక్. అందుకని దిద్దులూ పిన్నీసులే. తడిగుడ్డతో తుడిస్తే చాలు, నీళ్లలో నానబెట్టకూడదు.

అదే ట్రిప్పులో యాంగూన్‌లో ఒక కొట్లో చవగ్గా ఆరు కోస్టర్లు కొన్నాను. 'చేతిపని' అనే అమ్మారు. వేడి టీ కప్పు పెట్టేసరికి ఎర్రరంగు టేబుల్ గుడ్డకి అంటుకుంది. కొనేటప్పుడు ఏ ఊరి పని, ఎన్ని పూతలు అని అడిగితే అమ్మేవాడు నవ్వి ఊరుకున్నాడు. అప్పుడే అనుమానపడాల్సింది.

మొదట కోవిడ్, ఆ తర్వాత 2021 ఫిబ్రవరి 1న సైనిక తిరుగుబాటు. బగాన్‌కి టూరిస్టుల రాక పడిపోయింది, వాళ్లనే నమ్ముకున్న పనివాళ్లకి గిరాకీ పోయింది. పాపం అని కొనేవాళ్లు ఒక్కసారే కొంటారు. నేనైతే సరుకు బాగుందనే మళ్లీ కొంటాను. ఈసారి కున్-ఇత్ కావాలి, లోపల తట్టలుండే తాంబూలం పెట్టె. మా అత్తగారు ఇప్పటికీ తమలపాకులు స్టీలు డబ్బాలోనే పెట్టుకుంటున్నారు.