జాగ్రత్త: ప్రమాద స్థలానికి ముందుగా వచ్చిన అంబులెన్సు 108 కాకపోవచ్చు

హైదరాబాదు - విజయవాడ రహదారి మీద రోజూ తిరిగేవాళ్లు, ఆ దారిలో తమవాళ్లు బండి మీద ఇంటికి చేరాలని ఎదురుచూసేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. లారీ తగిలి మా తమ్ముడి కాలు విరిగింది. దానికి పోలీసు కేసు ఉంది, అది నడుస్తుంది. ఆ తరువాతి రెండు గంటల్లో వాణ్ణి ఒక సరుకులా చేతులు మార్చారు. నేను రాస్తున్నది ఆ రెండు గంటల గురించి.

సంక్రాంతి సెలవులు ముగిసి జనమంతా నగరానికి మళ్లిన రాత్రి అది. మా వాడికి చౌటుప్పల్‌లో వెల్డింగ్ షాపు ఉంది. నకిరేకల్‌లో పని చూసుకుని బండి మీద వస్తుంటే చిట్యాల దగ్గర వెనుక నుంచి లారీ తగిలింది. హెల్మెట్ ఉండబట్టి తల దక్కింది. ధాబా దగ్గరున్నవాళ్లు పరుగెత్తుకొచ్చి పక్కకు చేర్చారు. ధాబా యజమాని 108కి ఫోను చేశారు. ఆ ఫోను 8.52కు వెళ్లినట్టు తరువాత తన మొబైల్ తీసి నాకు చూపించారు. తొమ్మిదింటికల్లా సైరన్ మోగించుకుంటూ తెల్లని బండి వచ్చింది. ఎర్రటి చారలు, పైన నీలం దీపం, పక్కన పెద్ద అక్షరాలతో ‘అంబులెన్స్’. “108 బండేనా?” అని ఆయన అడిగారు. “అవునన్నా, ముందు ఎక్కించండి, మాటలు తరువాత” అన్నాడు డ్రైవరు. రక్తం కారుతున్న మనిషిని ముందు పెట్టుకుని ఎవరు మాత్రం ఇంకేం అడుగుతారు?

అసలు 108 వచ్చింది 9.11కి. “పేషెంటు ఏరి?” అని ఈఎంటీ (బండిలో వచ్చి అత్యవసర చికిత్స చేసే మనిషి) అడిగితే ధాబా దగ్గరున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట.

ఈ లోపు ఆ తెల్లని బండిలో ఏం జరిగిందో తమ్ముడు మంచం మీద పడుకుని మాకు నాలుగైదు సార్లు చెప్పాడు. ప్రతిసారీ ఒకేలా చెప్పాడు. స్ట్రెచర్ బెల్టుకు బకిల్ లేదు, తువ్వాలుతో కట్టారు. వెనుక కూర్చున్నది ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రవాడు. విరిగింది తొడ ఎముక. తొడ ఎముక విరిగితే బయటికి చుక్క కనిపించకపోయినా లోపల లీటరుకు పైగా రక్తం పోవచ్చని, అందుకే కదలకుండా చెక్కో స్ప్లింటో కట్టాకే మనిషిని జరపాలని తరువాత ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పారు. ఆ బండిలో అలాంటిది లేనే లేదు. ప్రతి గుంతకూ కాలు అటూ ఇటూ ఊగింది. వాడు అరిచినప్పుడల్లా ఆ కుర్రవాడు ముఖానికి ఆక్సిజన్ మాస్కు అదిమిపట్టాడు.

మా తమ్ముడు పదేళ్లుగా గ్యాసు సిలిండర్ల మధ్య బతుకుతున్నాడు. మీటరు చూడటం వాడికి ఒకరు నేర్పాల్సిన పని కాదు. పడుకున్న చోటి నుంచే తల తిప్పి చూశాడు. ముల్లు సున్నా మీద ఉంది. నీళ్ల సీసాలో ఒక్క బుడగ లేదు. “సిలిండరు ఖాళీ తమ్ముడూ, మాస్కు తీసెయ్, ఊపిరాడటం లేదు” అన్నాడట. ఆ కుర్రవాడు సిలిండరు వైపు చూడను కూడా లేదు, మాస్కు మాత్రం కాస్త వదులు చేశాడు.

ఆ తరువాత జరిగింది నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు. కుర్రవాడు తన ఫోను తీసి విరిగిన కాలును రెండు ఫోటోలు తీసి ఎవరికో వాట్సాప్‌లో పంపాడు. నిమిషంలో డ్రైవరుకు ఫోను వచ్చింది. “ఆర్థో కేసు సార్, కాలు. ఇంటివాళ్లు ఉన్నారు, కట్టగలిగినవాళ్లే” అన్నాడు డ్రైవరు. వాడికి స్పృహ ఉందని వాళ్లకు తెలుసు. అయినా వాడి ముందే మాట్లాడుకున్నారు.

నాకు తమ్ముడి నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎత్తితే వేరే గొంతు. “అక్కా, మీ తమ్ముడికి యాక్సిడెంట్. తల లోపల రక్తం ఉండొచ్చు, పరిస్థితి బాగోలేదు, సిటీకి తీసుకెళ్తున్నాం.” నల్గొండ పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, మా పెదనాన్న కొడుకు అక్కడే ఉంటాడు, పది నిమిషాల్లో గేటు దగ్గర నిలబడతాడు అని బతిమాలాను. “అక్కడ ఎముకల డాక్టరు లేడు అక్కా. దారిలో ప్రాణం పోతే మీదే బాధ్యత, చెప్పండి, తిప్పమంటారా?” అన్నాడు. ఆ మాట విన్నాక ఏ అక్క తిప్పమంటుంది? మరుసటి రోజు మా అన్నయ్య వెళ్లి కనుక్కుంటే ఆ రాత్రి డ్యూటీలో ఎముకల డాక్టరు ఉన్నారు. అరగంటలో చేరాల్సిన మనిషిని పండుగ రద్దీలో గంటన్నరకు పైగా తిప్పి నగరం శివారులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ముందు దించారు.

నేను చేరేసరికి డ్రైవరు రిసెప్షన్ పక్క గదిలో నుంచి బయటికి వస్తున్నాడు. “పద్దెనిమిది వేలు ఇవ్వండి, ఐసీయూ బండి, ఆక్సిజన్ డబుల్ పెట్టాం” అన్నాడు. ఏ ఆక్సిజనో అప్పటికి నాకు తెలియదు. పన్నెండు వేలకు దిగాడు. అతను చూపించిన కోడ్‌కు ఫోన్‌పే చేస్తే అవతల వచ్చిన పేరు ఒక మందుల షాపుది. రసీదు అడిగితే నంబరు లేని చిన్న చీటీ మీద అంకె రాసిచ్చాడు. రెండు రోజుల తరువాత ఆ ఆసుపత్రిలో పని చేసే ఒక ఆయమ్మ, ఆవిడ మేలు మరచిపోలేను, నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, “ఇక్కడ కేసు దించిన ప్రతి బండికీ కవరు ఉంటుందమ్మా, అది మీ బిల్లులోనే కలుస్తుంది” అని చెప్పింది.

పర్సు సంగతి కూడా రాస్తాను. “భద్రంగా పెడతానన్నా” అని కుర్రవాడు ప్యాంటు జేబులోంచి తీసుకున్నాడు. తిరిగి ఇచ్చినప్పుడు ఏడు వేల నగదు లేదు. చేతికున్న వెండి కడియం లేదు. ఆధార్ కార్డు వేరే అరలో ఉంది. అడిగితే “రోడ్డు మీదే పడిపోయి ఉంటాయి” అన్నారు. ఇదే రాష్ట్రంలో 108 సిబ్బంది స్పృహ లేని మనిషి దగ్గరున్న నగదు, నగలు లెక్కపెట్టి ఇంటివాళ్లకు అప్పగించారని పత్రికల్లో ఎన్నిసార్లు చదివామో మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ పేరు చెప్పుకుని ఇలాంటి పని చేశారని తలచుకుంటే ఒళ్లు మండుతుంది. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ మూడంకెల మీద మన ఊళ్లలో జనానికి ఉన్న నమ్మకాన్నే వీళ్లు అమ్ముకుంటున్నారు.

ఇది మా ఒక్కరి గోడు కాదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రిలో చనిపోయిన కొడుకును ఊరికి తీసుకెళ్లడానికి ప్రైవేటు అంబులెన్సు వాళ్లు వేలకు వేలు అడిగి, బయటి బండిని లోపలికి రానివ్వకపోతే ఆ తండ్రి బిడ్డను బైకు మీద దాదాపు 90 కిలోమీటర్లు తీసుకెళ్లాడు. అప్పుడు రాష్ట్రమంతా కలవరపడింది. ఆసుపత్రి గేటు దగ్గర జరిగింది కాబట్టి నలుగురి కంటా పడింది. రోడ్డు మీద చీకట్లో జరిగేది ఎవరి కంటా పడదు.

అందుకే మీరు బాధితుడి మనిషి కాకపోయినా, దారిన పోతూ ఆగినవారైనా, బండి తలుపు మూసేలోపు కొన్ని పనులు చేయండి. 108కి చేసిన ఫోను పెట్టేయగానే వదిలేయకండి, వచ్చే బండి సిబ్బంది మీకే ఫోను చేసి చోటు అడుగుతారు. ఆ ఫోను రాకుండానే, పిలవని బండి వచ్చి నిలబడితే అక్కడే అనుమానించాలి. 108 బండి మీద ఆ అంకె పెద్దగా రాసి ఉంటుంది, లోపల పైలట్‌తో (అంటే డ్రైవరుతో) పాటు యూనిఫాంలో ఈఎంటీ ఉంటారు, ఒక్క రూపాయి అడగరు. జాతీయ రహదారి మీదైతే 1033కి కూడా చేయవచ్చు. పోలీసు కావాలంటే 112. నంబరు ప్లేటు కనపడేలా ఒక ఫోటో తీయండి. ధాబా యజమాని తీసిన ఒక్క ఫోటో లేకపోతే ఈ రోజు మా చేతిలో ఏమీ ఉండేది కాదు. ఆ నంబరును బండ్ల వివరాలు చూపే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూస్తే ఆ బండి ఫిట్‌నెస్ గడువు ఎప్పుడో ముగిసింది.

పర్సు, ఫోను, నగలు ఎవరికి అప్పగిస్తున్నారో ఇద్దరి ముందు అడిగి, వీలైతే వీడియో తీయండి. సాయం చేస్తే పోలీసుల చుట్టూ తిరగాలేమోనని భయపడకండి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ మంచి మనసుతో సాయపడినవారిని కాపాడుతుంది, మీ పేరు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు.

ఇంట్లో ఉండి ఫోను అందుకున్నవారికి ఇంకొక మాట. నాకు ఆ రాత్రి ఇది చెప్పేవాళ్లు లేరు. ఏ ఆసుపత్రి అన్నది డ్రైవరు నిర్ణయానికి వదలకండి. ‘ప్రాణం పోతే మీదే బాధ్యత’ అంటే, దగ్గరి ఆసుపత్రిలో ముందు రక్తం ఆపి, కాలు కట్టించి ఆ తరువాత తరలించండి అని గట్టిగా చెప్పండి. గాయపడిన మనిషి గుమ్మంలోకి వస్తే పోలీసు కాగితాల కోసం ఆగకుండా ముందు వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు ఇచ్చింది. డిపాజిట్ కట్టమన్నప్పుడు ఆరోగ్యశ్రీ ఉందా అని అడగండి. 2025 మే నెలలో కేంద్రం నోటిఫై చేసిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర వరకు నగదు లేకుండా చికిత్స చేయాలి, ఆ జాబితాలో ఈ ఆసుపత్రి ఉందా అని కూడా అడగండి. నేను ఈ రెండూ అడగకుండా యాభై వేలు కట్టేశాను.

తమ్ముడి తొడలో రాడ్డు వేశారు. చేతికర్రతో షాపు దాకా నడుస్తున్నాడు. పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన పిటిషన్‌కు రసీదు తీసుకున్నాం, రవాణా శాఖకు, జిల్లా వైద్యాధికారికి కూడా రాశాం. ఫోన్‌పే వివరాలు, చీటీ, ఫోటో మూడూ జతచేశాం. గత ఏడాది కాలంలో చౌటుప్పల్, నార్కట్‌పల్లి మధ్య 108 అనుకుని ఇలాంటి తెల్లని బండి ఎక్కినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే తేదీ, సమయం, కట్టిన డబ్బు, మీకు గుర్తున్నంత వరకు నంబరు నాకు రాయండి. ఒక్కరి ఫిర్యాదుగా ఉన్నంతకాలం “చూస్తామమ్మా” అనే అంటున్నారు. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తున్నాను, ఆ లోపు ఇంకో ఇద్దరు ముగ్గురి కాగితాలు నా చేతిలో ఉండాలి.