మదీనాలో సగం పూట జియారత్ బస్సు: ఉహుద్‌కు ఇరవై నిమిషాలు కూడా దక్కలేదు

ఫజ్ర్ (తెల్లవారుజాము) నమాజు అయిన కొంతసేపటికి హోటళ్ల దగ్గర యాత్రికులను ఎక్కించుకుని, జుహ్ర్ (మధ్యాహ్నపు నమాజు) వేళకు తిరిగి మస్జిదె నబవీ (ప్రవక్త మస్జిదు) దగ్గర దింపే జియారత్ (పవిత్ర స్థలాల సందర్శన) బస్సులు మదీనాలో చాలా ఉన్నాయి. వాటిలో ఒకదానిలో మనిషికి 25 రియాళ్లు చెల్లించి మేము ఖుబా, ఖిబ్లతైన్, ఖందక్, ఉహుద్ చూసి వచ్చాము. బస్సు చెప్పిన వేళకే వచ్చింది, ఏసీకి వంక పెట్టలేము, డ్రైవరు నెమ్మదస్తుడు. చెప్పవలసిందల్లా ఉర్దూలో వివరించిన గైడు గురించీ, అతడికి మిగలని సమయం గురించీ.

మొదటి మజిలీ ఖుబా. 622లో మక్కా నుంచి హిజ్రత్ (వలస) చేసి వచ్చిన ప్రవక్త ముహమ్మద్ (స), అప్పటికి యస్రిబ్ అని పేరున్న ఈ నగరంలోకి ప్రవేశించక ముందు ఇక్కడ ఆగి పునాది వేసిన మస్జిదు ఇది. ఇంటి దగ్గరే వుజూ (నమాజుకు ముందు నీటితో చేసే శుద్ధి) చేసుకుని వచ్చి ఇక్కడ నమాజు చేసిన వారికి ఉమ్రా (మక్కాకు చేసే చిన్న యాత్ర) చేసినంత పుణ్యమని హదీసు (ప్రవక్త వచనం). గైడు ఈ మాటను మస్జిదు ముందు బస్సు ఆగాక చెప్పాడు. అప్పటికే సగం మంది వుజూ లేకుండా వచ్చి ఉన్నారు, పాపం నల్లాల దగ్గర వరుస కట్టారు. అసలు ఖుబాకు బస్సు అవసరమే లేదు. నబవీ నుంచి అక్కడికి సుమారు 3 కిలోమీటర్ల నడక దారి ఉంది. ప్రవక్త కూడా శనివారాల్లో ఒక్కోసారి నడిచీ, ఒక్కోసారి వాహనమెక్కీ ఖుబాకు వెళ్లేవారు.

తరువాత ఖర్జూరపు తోట అన్నారు గాని, అది తోట ముందున్న దుకాణం. అజ్వా ఖర్జూరాలు మంచివే, అయితే అక్కడ గడిచిన 40 నిమిషాలు మా జియారత్ లోంచి తీసినవి. ఖిబ్లతైన్ (రెండు ఖిబ్లాల) మస్జిదులో పదిహేను నిమిషాలే దక్కాయి. జెరూసలేం మదీనాకు ఉత్తరాన, మక్కా దక్షిణాన ఉన్నందువల్ల ఖిబ్లా (నమాజులో ముఖం పెట్టే దిక్కు) జెరూసలేం నుంచి మక్కాకు మారినప్పుడు నమాజులో ఉన్నవారు దాదాపు పూర్తిగా వెనక్కి తిరగవలసి వచ్చిందని గైడు తన రెండు అరచేతులను ఎదురెదురుగా పెట్టి చూపించాడు. అది చూశాకే నాకు ఆ మార్పు ఎంతటిదో అర్థమయింది.

ఖందక్ దగ్గర బస్సు దిగనివ్వలేదు. 627లో దాడి నుంచి నగరాన్ని కాపాడుకోవడానికి ప్రవక్త సహచరుడు సల్మాన్ ఫార్సీ (రజి) సలహాతో తవ్విన కందకం ఇప్పుడు కనిపించదు కాబట్టి దిగి చూసేదేముందని అనుకోవచ్చు. కాని తూర్పు, పడమరల్లో గుర్రాలు నడవలేని నల్లని లావా రాళ్ల నేల, దక్షిణాన తోటలు, ఇళ్లు ఉండగా ఉత్తరం వైపు మాత్రమే తవ్వితే సరిపోయిందన్న సంగతి సల్ఆ కొండ పక్కన నిలబడి చెప్పించుకోవలసినది. ఉస్మానీల (ఒట్టోమన్ తురుష్కుల) కాలంలో 1908లో తెరిచిన హిజాజ్ రైల్వే స్టేషను, ఇప్పటి మ్యూజియం, మా పట్టికలోనే లేదు.

ఉహుద్‌లో ఆ గైడు వేరే మనిషయ్యాడు. విలుకాండ్ర గుట్ట అని పిలిచే చిన్న దిబ్బ మీదికి మమ్మల్ని ఎక్కించి, 625లో మక్కా సైన్యంతో జరిగిన యుద్ధంలో ప్రవక్త ఇక్కడ నిలిపిన 50 మంది విలుకాండ్రు ఎటు చూస్తూ నిలబడ్డారో, శత్రువులు పారిపోతున్నారనుకుని యుద్ధఫలం కోసం వారిలో ఎక్కువమంది ఎటు దిగారో, అప్పటికింకా ఇస్లాం స్వీకరించని మక్కా సేనాని ఖాలిద్ బిన్ వలీద్ గుర్రాలతో ఏ పక్కనుంచి చుట్టి వచ్చాడో వేలు పెట్టి చూపాడు. డెబ్బై మంది షహీదులైన ఆ నేల, ప్రవక్త పినతండ్రి హజ్రత్ హమ్జా (రజి) ఖననమైన చోటు గుట్టకు దగ్గరలోనే ఉన్నాయి. గుట్ట రాళ్లు ఎందరి పాదాలకో అరిగి నున్నగా ఉన్నాయి. పెద్దవారు చెయ్యి పట్టుకుని ఎక్కడం మంచిది. ఇరవై నిమిషాలు కాకుండానే బస్సు హారన్ మోగింది.

నేను మరునాడు టాక్సీలో ఒక్కడినే మళ్లీ ఉహుద్‌కు వెళ్లాను. గైడు మాటలు గుర్తున్నాయి కనుక ఈసారి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఎండ ముదిరేదాకా గుట్ట మీదే కూర్చున్నాను.