మూడు సీజన్లుగా మా బ్యారన్ గోడ మీద హీట్ ఫ్లక్స్ సెన్సార్

హీట్ ఫ్లక్స్ సెన్సార్ అంటే గోడ గుండా వేడి ఎంత, ఎటు పోతోందో కొలిచే పలుచని బిళ్ల. ఈ బిళ్ల మీద నాకింత మమకారం కలగడానికి కారణం మీటరులో అంకెకు ముందు వచ్చే మైనస్ గుర్తు.

మాది పొదిలి ప్రాంతం. మా పొగాకు బ్యారన్‌వి, అంటే పొయ్యి వేడితో ఆకును ఆరబెట్టే (క్యూరింగ్ చేసే) గదివి, సున్నం కూడా వేయని తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడలు. లోపల ఎంత వేడి ఉందో థర్మామీటర్ చెబుతుంది, ఆ వేడి ఎటు పోతోందో చెప్పదు. బిళ్ల రెండు ముఖాల మధ్య ఏర్పడే కొద్దిపాటి ఉష్ణోగ్రత తేడాను అందులో వరసగా కలిపిన థర్మోకపుల్స్ (రెండు వేర్వేరు లోహాల తీగల జంటలు) వోల్టేజీగా మారుస్తాయి. వేడి లోపలి నుంచి గోడలోకి పోతుంటే అంకె ప్లస్, గోడ నుంచి లోపలికి వస్తుంటే మైనస్. నా దానిలో చదరపు మీటరుకు ఒక వాటు ప్రవహిస్తే 60 మైక్రోవోల్టులు. కాడ ఆరే చివరి దశలో 4.8 మిల్లీవోల్టులు చూపింది, అంటే 80 వాట్లు.

మొదటి సీజన్, మార్చి నెల. ఆకు రంగు తిరుగుతోంది, లోపల 36 డిగ్రీలు. రాత్రి ఎనిమిదింటికి పడమటి గోడ దగ్గర మీటరు మైనస్ 0.9 మిల్లీవోల్టులు చూపింది. వైర్లు తారుమారయ్యాయనుకున్నాను. తమ్ముణ్ణి బయట మీటరు దగ్గర నిలబెట్టి, లోపలికి వెళ్లి వేడి టీ గ్లాసు బిళ్లకు ఆనించాను. “ప్లస్‌లోకి వచ్చిందన్నా!” అని కేకేశాడు. గ్లాసు తీసి కాసేపు ఆగితే మళ్లీ మైనస్. వైర్లు సరిగానే ఉన్నాయి. మధ్యాహ్నమంతా ఎండ తాగిన గోడ, పొద్దుగూకాక ఆ వేడిని లోపలికి వదులుతోంది! ఉత్తరపు గోడ దగ్గర మాత్రం ప్లస్సే. పొద్దు వాలగానే పొయ్యిలో జామాయిల్ కర్ర పెంచడం నాన్నకు ఏళ్లనాటి అలవాటు. ఆ రాత్రి ఆయన అరచేయి గోడకు ఆనించి చాలాసేపు నిలబడ్డారు. “ఇప్పుడే వేయొద్దులే” అన్నారు. తెల్లవారుజామున ప్లస్ వచ్చాకే మంట పెంచాం.

అంటిస్తే చాలు, పనిచేస్తుందని అప్పట్లో అడిగినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట కొంత సవరించుకోవాలి. రెండో సీజన్‌లో, కాడ ఆరే దశలోనే, అంకె 4.8 నుంచి 2కు పడిపోయింది. బయట మెత్తిన మట్టిపూత ఫలించిందని సంబరపడ్డాను. తీరా చూస్తే వేడికి టేపు జిగురు వదిలి, బిళ్ల ఒక అంచు గోరంత లేచి ఉంది. గాలి వేడిని మోసే శక్తి ఇటుకతో పోలిస్తే పాతికో వంతు. ఆ సన్నని సందు చాలు, అంకెను నమ్మడానికి లేదు. ఇప్పుడు అక్కడ గోడను సిమెంటుతో నున్నగా చేసి, వేడిని బాగా మోసే థర్మల్ పేస్టు పలుచగా రాసి, చెక్క బద్దతో బిగించాను.

ఇంకొకటి, వెంటిలేటర్ల నుంచి తేమతో పోయే వేడీ, పొగగొట్టం పాలయ్యే వేడీ దీనికి కనబడవు. కర్ర ఎంత మిగిలిందో నేను తూకం వేయలేదు, కాబట్టి పెట్టుబడి తిరిగి వస్తుందని ఎవరికీ హామీ ఇవ్వను. మా పడమటి గోడకు నీడ లేదు. వేపచెట్ల కింద ఉన్న బాబాయి బ్యారన్‌లో ఇదే బిళ్లను ఒక క్యూరింగ్ అంతా ఉంచాం. ఒక్క రాత్రి కూడా మైనస్ రాలేదు.