కూర్చున్న తాత కోసం బరంపురంలో మూడు రోజులు

విశాఖలో పొద్దున్న రైలెక్కితే భోజనాల వేళకి బరంపురం. బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది గానీ మా ఇంట్లో ఎవరూ ఆ పేరు అనరు. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే, ఆ రోజు నుంచి ఒడిశాలోది. పట్టు నేసే మా ముత్తాత పోయింది 1938లో. ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారాడన్నమాట.

నాన్న పోయాక ఆయన ట్రంకుపెట్టెలో ఒక పోస్టుకార్డు దొరికింది. "తాతగారు లింగైక్యమైనారు. ఆ సాయంత్రమే మన దొడ్డిలో కూర్చోబెట్టినారు" అని రాసుంది. వచ్చిన చుట్టాలకి పంక్తి వేశారని మేమంతా అనుకున్నాం. పోయిన పూటే భోజనాలేమిట్రా అని అమ్మ ఒక్కత్తే అడిగింది. ఆవిడ మాట ఎవరు విన్నారు?

మొదటి రాత్రి తమ్ముడూ నేనూ స్టేషను దగ్గర లాడ్జిలో దిగాం. పన్నెండు వందలు. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. వేడినీళ్ళు మాత్రం పొద్దున్న ఆరున్నరకి, అదీ గదికో బకెట్టు. ఏడింటికి అడిగితే అయిపోయాయన్నారు. రాత్రంతా అనౌన్స్‌మెంట్లు చెవిలోనే. మర్నాడు గేట్ బజార్ వైపు మారాం. రెండొందలు ఎక్కువైనా నిద్ర పట్టింది. పని మీద వెళ్ళేవాళ్ళు ఊళ్ళోనే దిగడం మంచిది. గోపాలపూర్ పదహారు కిలోమీటర్లే గానీ, అక్కడ దిగితే సముద్రం వదిలి ఆఫీసులకి రాబుద్ధి కాదు. ఆటోవాళ్ళకి తెలుగు వచ్చు. తెలుగులో బేరమాడితే తెలుగులోనే ఎక్కువ చెబుతారు.

దిగిన రోజు మధ్యాహ్నమే ముత్తాత సమాధి వెతకడానికి శ్మశానానికి వెళ్ళి, ఎండలో ఒక్కో రాయి మీదా పేర్లు చదువుకుంటూ తిరిగాం. ఆటోకి మూడొందలు.

రెండో రోజు రికార్డుల కోసం ఒక ఆఫీసుకి వెళ్ళాం. గుమస్తా తలెత్తకుండా "శవ సత్కార కేఉంఠి?" అన్నాడు. మనకి సత్కారం అంటే శాలువా, పూలదండ. తమ్ముడు వినయంగా, "సన్మానాలేం జరగలేదండీ, మామూలు నేతగాడు" అన్నాడు. ఆయన నవ్వినంతసేపు నవ్వి, ఒడియాలో అంత్యక్రియల్నే అలా అంటారని చెప్పాడు. రిజిస్టరు మాత్రం దొరకలేదు. రెండు పూటలు తిప్పి, ఆఖరికి చెదలు తినేసిందన్నారు. ఆ మాట పొద్దున్నే చెప్పొచ్చుగా!

అసలు పని బయట చెట్టు కింద అర్జీలు రాసే పెద్దాయన దగ్గర అయింది. వంద రూపాయలు తీసుకుని అరగంట పాఠం చెప్పాడు. మశాణి అంటే శ్మశానం, జుఇ అంటే చితి, పోతిబా అంటే పాతిపెట్టడం. కోకేఇ అనగానే తమ్ముడు శవం మీద కప్పే చీరనుకున్నాడు. కాదు, అది పాడె. మనం తలకొరివి అంటాం, వాళ్ళు ముఖాగ్ని అంటారు. మన మాటలో తల, వాళ్ళ మాటలో నోరు. మా ఇద్దరికీ ఆ తేడా చాలాసేపు వదల్లేదు.

పోస్టుకార్డు చూపిస్తే కళ్ళజోడు పైకి నెట్టి గడగడా చదివేశాడు. "లింగైక్యం అనుంది గదా బాబూ, మరి మశాణిలో ఏటి వెతికినారు? లింగం కట్టినోళ్ళని కాల్చరు. ఎడం చేతిలో లింగం పెట్టి, కూర్చోబెట్టి పూడుస్తారు."

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "నేనడగలేదూ!" అంది.

ఆ సాయంత్రం గంజాం ఊరికి వెళ్ళాం. ఋషికుల్యా దాటాక పొటాగడ కోట, దాని దగ్గర పాత దొరల సమాధులు. చాలా రాళ్ళ మీద అక్షరాలు చెదిరిపోయాయి. చదవగలిగినవాటిలో 'హియర్ లైస్' అని ఉంది, ఇక్కడ పడుకున్నాడని. తమ్ముడు నా వైపు చూసి, "మనాడు కూర్చున్నాడు" అన్నాడు. కుటుంబ చరిత్ర కోసమైతే అంత దూరం వెళ్ళక్కర్లేదు. సాయంత్రం గాలికి బాగుంది.

మూడో రోజు డేరా వీధుల్లో పడ్డాం. బరంపురం పట్టు నేసే తెలుగువాళ్ళని డేరాలంటారు. రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణీ జాతర పెద్దరికం వాళ్ళదే. పోస్టుకార్డులోని ఇంటి ఆనవాళ్ళు పట్టుకుని నాలుగు గుమ్మాలు అడిగాం. ఐదో ఇంట్లో ఒక మామ్మ "కూర్చున్న తాత కోసమా?" అంది.

ఆ ఇల్లు చేతులు మారి చాలా కాలమైంది. ముందు గదిలో పూడ్చేసిన గుంట మగ్గం గుర్తు ఇంకా తెలుస్తోంది. కాళ్ళు కిందికి దించి మా ముత్తాత రోజంతా కూర్చున్న చోటు అదే. వెనక దొడ్డిలో మారేడు చెట్టు, దాని కింద మోకాలెత్తు తిన్నె. సున్నం పొరలు పొరలుగా లేస్తోంది. ఒక పెచ్చు ఊడిన చోట బొటనవేలంత లింగం గీసుంది. తిన్నె మీద పాత చీర పరిచి అప్పడాలు ఆరబెట్టారు.

మామ్మ నొచ్చుకుని తీసెయ్యబోయింది. వద్దన్నాం. "అయితే ఇలా రండి, రెండోపక్క తిరగెయ్యాలి. కొబ్బరికాయ తర్వాత కొడుదురు గాని" అంది. ముగ్గురం తిన్నె చుట్టూ కూర్చుని అప్పడాలు తిరగేశాం.