తొమ్మిదేళ్లుగా ఎస్‌క్యూలైట్: వాడాక, కోడ్ కూడా చదివాక

తిరుపతిలో ఉంటూ మామిడి మండీలకు, చిన్న అంగళ్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాను. నేను రాసిన ప్రతి ప్రోగ్రామ్‌లోనూ డేటాబేస్ ఎస్‌క్యూలైటే; అది డేటా అంతా ఒకే ఫైలులో దాస్తుంది. మొదటి నాలుగేళ్లు దాని సోర్స్ కోడ్ వైపు తొంగి కూడా చూడలేదు. దామలచెరువు దగ్గర ఒక మండీ వల్ల చూడాల్సి వచ్చింది.

జూన్ నెల, తోతాపురి సీజన్. వే బ్రిడ్జి ముందు రాత్రంతా ట్రాక్టర్ల వరస. తూకం చీటీ చేతికి రానిదే రైతు కదలడు, వెనక బండి ముందుకు రాదు. అర్ధరాత్రి గుమాస్తా ఫోన్ చేశాడు: "అన్నా, చీటీ పడ్లేదు, ఏందో ఇంగ్లీషులో వస్తా ఉండాది." ఫోటో పంపించమన్నాను. 'డేటాబేస్ డిస్క్ ఇమేజ్ ఈజ్ మాల్‌ఫార్మ్‌డ్'. ఫైలే పాడైపోయింది. తెల్లారేదాకా చీటీలు చేత్తో రాశారు. ఆ సీజన్‌లో ఇలా మూడుసార్లు జరిగింది. కరెంటు కోతల వల్లేమోనని యూపీఎస్ మార్పించాను, తర్వాత హార్డ్ డిస్క్ మార్పించాను. ఫోన్ మోగితే చాలు, టెన్షన్.

ఇక దారిలేక ఎస్‌క్యూలైట్ సోర్స్‌లో లినక్స్ ఫైళ్ల పని చూసే 'ఓఎస్_యునిక్స్.సి' తెరిచాను. అందులో ఫైల్ లాక్‌ల గురించి, అంటే ఒకరు రాస్తుండగా ఇంకొకరు రాయకుండా ఆపే తాళాల గురించి, పొడవాటి కామెంట్ (కోడ్ మధ్యలో చదివేవాళ్ల కోసం రాసే వివరణ) ఉంది. లినక్స్ లాంటి సిస్టమ్‌లు పాటించే పోసిక్స్ స్టాండర్డ్‌లోని లాక్‌లు తయారీలోనే లోపంతో వచ్చాయని సూటిగా రాశారు. ఆ స్టాండర్డ్‌లో ఏ సెక్షన్‌లో ఏ వరసలో ఆ లోపం ఉందో కూడా ఇచ్చారు. సంగతేమిటంటే, ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఒకే ఫైలును రెండుసార్లు తెరిచి, అందులో ఒకదాన్ని మూసినా, ఆ ఫైలు మీద ఆ ప్రాసెస్‌కున్న లాక్‌లన్నీ పోతాయి. అందుకే ఎస్‌క్యూలైట్ తన లాక్ ఉన్నంతసేపూ ఫైలును నిజంగా మూయదు. ఆ ఫైల్ డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైలుకు సిస్టమ్ ఇచ్చే నంబరు) ఒక లిస్టులో పక్కనపెట్టి, చివరి లాక్ వదిలాకే మూస్తుంది. మూసేచోట కూడా ఎందుకలా చేస్తున్నారో మళ్లీ చిన్న కామెంట్ పెట్టారు.

అది చదువుతుంటే నా తప్పు కళ్లముందుకొచ్చింది. నా ప్రోగ్రామ్‌లో బ్యాకప్ త్రెడ్ (అదే ప్రోగ్రామ్‌లో పక్కనే నడిచే పని) అరగంటకోసారి డేటాబేస్ ఫైలును మామూలుగా తెరిచి, కాపీ చేసి, మూసేది. అది మూసిన క్షణంలో తూకం రాస్తున్న త్రెడ్ పట్టుకున్న లాక్ పోయేది. సరిగ్గా అదే సమయానికి లెక్కల గదిలో మా రెండో ప్రోగ్రామ్ అదే ఫైలులో రాయడం మొదలుపెడితే ఫైలు పాడయ్యేది. ఆ కాపీ పని తీసేసి 2019లో వచ్చిన, ఎస్‌క్యూలైట్ చేతే డేటాబేస్‌ను కాపీ చేయించే 'వాక్యూమ్ ఇంటూ' ఒక్క లైను పెట్టాను. ఆ తర్వాత ఏ మండీలోనూ ఫైలు పాడవలేదు.

చదవడానికి వీలైన కోడ్ అంటే నాకు అప్పటినుంచి ఇదే. లైను ఏం చేస్తుందో సి భాష తెలిసినవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. ఎందుకు అలా రాయాల్సి వచ్చిందో రాసినవాళ్లు చెప్తేనే తెలుస్తుంది. రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు ఇన్నేళ్లయినా ఆ పద్ధతి వదల్లేదు. ఫైలులో రాతలు భద్రంగా పడేలా చూసే 'పేజర్.సి'లో ట్రాన్సాక్షన్ (మొత్తంగా పూర్తి కావాల్సిన లేదా మొత్తంగా రద్దు కావాల్సిన రాతల గుంపు) ఏ దశ నుంచి ఏ దశకు వెళ్తుందో అక్షరాలు, గీతలతోనే బొమ్మ వేసి చూపించారు. ఎప్పుడూ నిజమే అవుతుందనుకున్న షరతుకు 'ఆల్వేస్' అని, ఎప్పటికీ కాదనుకున్నదానికి 'నెవర్' అని చుట్టూ రాస్తారు. ఆ నమ్మకం తప్పితే టెస్టుల్లో బయటపడుతుంది.

కోడ్‌లో వాడిన పేర్లు మాత్రం మొదట్లో నన్ను చాలా ఇబ్బంది పెట్టాయి. స్ట్రింగ్ (అక్షరాల వరస) అయితే ముందు 'జడ్', లెక్క అయితే 'ఎన్', పాయింటర్ (మెమరీ చిరునామా) అయితే 'పి'. వారం రోజుల్లో అలవాటైంది. క్వెరీలను (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలను) నడిపే 'వీడీబీఈ.సి'లో ఒకే ఫంక్షన్‌లో వేల లైన్ల స్విచ్ (ఏ సందర్భానికి ఏ పని అని ఎంచే కోడ్) ఉంటుంది, అది నాకు ఇప్పటికీ నచ్చదు. క్వెరీకి జవాబు ఏ దారిలో వెతకాలో ప్లాన్ తయారుచేసే 'వేర్.సి' రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. కామెంట్లు ఎన్ని ఉన్నా ఆ లెక్కలు తెలియనివాళ్లకు అది కొరుకుడు పడదు. ఇంకొకటి, కోడ్ పబ్లిక్ డొమైన్‌లో ఉన్నా (ఎవరైనా వాడుకోవచ్చు), బయటివాళ్లు పంపే ప్యాచ్‌లను (కోడ్ మార్పులను) మామూలుగా తీసుకోరు. చదివి నేర్చుకోవచ్చు, చెయ్యి కలపడం కష్టం.

చదవాలనుకుంటే అన్నీ కలిపి ఇచ్చే రెండు లక్షల పైచిలుకు లైన్ల ఒక్క ఫైలు జోలికి వెళ్లకండి. విడివిడి ఫైళ్లు దించుకుని, 'పేజర్.సి' పైభాగంలో ఉన్న కామెంట్‌తో మొదలుపెట్టండి.